ఒక్కసారి కొలిచిన కన్ను

జూలై నెల రెండో మంగళవారం, పొద్దున పది గంటల నలభై నిమిషాలకు, నరసరావుపేటలో ఒక కంటి ఆసుపత్రి మేడ మీది గదిలో నా మనవరాలు ఒక మిషను ముందు గడ్డం ఆనించి కూర్చుంది. అప్పుడు మొదలైంది. ఆ గదిలో గోడ గడియారం ఆగిపోయి ఉంది. కొలతలు తీసే గదిలో ఆగిపోయిన గడియారాన్ని వేలాడదీసుకున్న వాళ్ళ మీద నాకు అక్కడే సగం నమ్మకం పోయింది. నేను చెప్పిన సమయం నా చేతి గడియారానిది.

పిల్లకు అప్పుడు పదిహేడేళ్ళు. మా అమ్మాయి కూతురు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతోంది. ఏడాదిలో మూడు కళ్ళజోళ్ళు మార్చినా కుడి కంటికి అక్షరాలకు తోకలు మొలిచినట్టు కనబడుతున్నాయంటే, కళ్ళజోళ్ళ కొట్టతనే ఇక నా వల్ల కాదని చెప్పి పెద్ద డాక్టరు దగ్గరికి పంపాడు. వాళ్ళ నాన్న, నేను వెంట వెళ్ళాం.

మిషను దగ్గర కూర్చున్న అమ్మాయి సెల్‌ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఎవరితోనో చీర ఫాల్ గురించి మాట్లాడుతోంది. ఆ మాటల మధ్యలోనే మా పిల్లకు ఆజ్ఞలు.

"రెప్ప కొట్టమాక. తెరిచి ఉంచు. ఆఁ... నీకు కాదే, ఇక్కడ పేషెంటుకి. ఫాలు నువ్వే కుట్టించు. అయిపోయిందమ్మా, లెగు."

ఒక్కసారి నొక్కింది. ఒక్కసారే. తెర మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు ముగ్గులా పరుచుకున్నాయి. మూలన ఒక అంకె. యాభై రెండు పాయింట్ నాలుగు.

"ఇంకోసారి తియ్యమ్మా" అన్నాను.

"ఎందుకండీ? ఓకే వచ్చింది."

"ఓకే అని ఎవరన్నారు?"

"మిషనే అందండీ."

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఫిజికల్ సైన్సు చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లవాడు గోళీ వ్యాసం ఒక్కసారి కొలిచి అంకె రాసుకొస్తే, ఆ కాగితం నేను ముట్టుకునేదాన్ని కాదు. మూడుసార్లు కొలవాలి, మూడూ రాయాలి, అవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో చూడాలి. గోళీ ఖరీదు అప్పట్లో ఐదు పైసలు. కంటి ఖరీదు ఈ ఆసుపత్రి వాళ్ళకు ఎంతో నాకు తెలియదు గానీ, ఒక గోళీకి ఇచ్చే మర్యాద కూడా దానికి దక్కలేదు.

కొంచెం వైద్యం చెప్పాలి. నల్లగుడ్డు మీద గడియారం అద్దం లాంటి పారదర్శకమైన పొర ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. కొందరికి ఎదిగే వయసులో ఆ పొర పలచబడి, బొంగరం మొనలాగా ముందుకు పొడుచుకొస్తుంది. జబ్బు పేరు కెరటోకోనస్. మొన ఎంత తేలిందో డయాప్టర్లలోను, పొర ఎంత పలచబడిందో మైక్రాన్లలోను మిషను చెబుతుంది. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మొన ఇంకా ముందుకు వస్తోందని తేలితే మందుచుక్కలు వేసి, ఊదారంగు లైటు పెట్టి పొరను గట్టిపరుస్తారు. పోయిన చూపు తిరిగిరాదు. మిగిలింది నిలుస్తుంది. కానీ మామూలుగా ఆ లైటు పెట్టాలంటే పొర నాలుగు వందల మైక్రాన్లు ఉండాలి. అంతకన్నా పలచనైతే లైటు లోపలి దాకా పోయి చెరుపు చేస్తుంది. కాబట్టి తొందరపడకూడదు, ఆలస్యమూ చేయకూడదు. ఆ మధ్య కాలం ఏదో చెప్పవలసినవి ఆ అంకెలే.

డాక్టరు మూడు నిమిషాలు మాట్లాడాడు. మొన యాభై రెండు పాయింట్ నాలుగు, మందం నాలుగు వందల ముప్పై ఎనిమిది. ఆరు నెలల తర్వాత మళ్ళీ రండి, ఒకటి దాటి పెరిగితే లైటు పెడదాం అన్నాడు.

"ఇదే మిషను మీద ఇదే కన్ను ఇప్పుడే ఇంకోసారి కొలిస్తే ఇదే అంకె వస్తుందాండీ?" అని అడిగాను.

"మేడమ్, అది చాలా కాస్ట్లీ మిషన్" అన్నాడు.

నేను ధర అడగలేదు. గట్టిగా చెప్పాలంటే, ఆ ప్రశ్నకు "రాదు" అన్నదే సమాధానమని నాకు తర్వాత తెలిసింది. మామూలు కళ్ళను కొలిస్తే ఆ మిషన్లు ఒకే మాట మీద ఉంటాయట. జబ్బు కన్ను ముందు పెడితే, మొన ఎంత తేలితే అంత తడబడతాయట. ఒక్క విడతలోనే ఒకటో, ఒకటిన్నరో తేడా చూపించగలవట. ఒకటి పెరిగితే చికిత్స అన్న మనిషి, తన మిషను ఒకటి దాకా తప్పు చెప్పగలదో లేదో చూసుకోకుండా ఆ మాట అన్నాడు. అద్దాల తలుపు, ఏసీ, చెక్క మీద ఇత్తడి అక్షరాల పేరు. కొలత మాత్రం సంతలో జానా బెత్తా.

మెట్లు దిగుతూ అల్లుడితో అన్నాను. మా అల్లుడు పత్తి వ్యాపారి.

"ఏమయ్యా, పత్తి బస్తాలో తేమ మీటరు ఎన్నిచోట్ల గుచ్చుతావు?"

"మూడు చోట్లత్తయ్యా. ఒక్కోసారి నాలుగు."

"ఎందుకు?"

"ఒకచోట ఎనిమిది చూపిద్ది, ఇంకోచోట పన్నెండు చూపిద్ది. ఒక్క పోటు నమ్మితే కొంప మునిగిద్ది."

"మరి పిల్ల కన్ను ఒక్క పోటుతో ఎట్టా నమ్మావు?"

"పత్తీ కన్నూ ఒకటేనాత్తయ్యా?"

"కాదు. పత్తికి నువ్వు డబ్బు పెడతావు."

ఆయన ముఖం ముడుచుకుని బండి తీశాడు. ఆ తర్వాతి ప్రయాణాలకు నన్ను పిలవలేదు. నిజం చెబితే బండిలో చోటు పోతుందని నాకు అప్పటికే తెలుసు, కాబట్టి ఆశ్చర్యపోలేదు.

ఆ ఆరు నెలలు నేను చేయగలిగింది ఒకటే. పిల్లకు కళ్ళు నులుముకునే అలవాటు. పత్తి నుసి, మిరప ఘాటు గాలిలో ఉండే ఊళ్ళలో పుట్టిన వాళ్ళందరికీ ఉన్నదే, కానీ ఈ జబ్బుకు అది విషం. సాయంత్రాలు నా ఇంటికి చదువుకోవడానికి వచ్చేది. వేలి కణుపుతో కుడి కన్ను నలపడం కనబడగానే స్కేలుతో ఆ కణుపు మీద ఒకటి పెట్టేదాన్ని.

"అబ్బా అమ్మమ్మా! కన్ను పోకుండా వేళ్ళు పోగొట్టేట్టున్నావే!"

"వేళ్ళు పది ఉన్నాయి. కుడి కన్ను ఒకటే."

"మా సర్వే సారు నీకు తమ్ముడయ్యుంటాడు. ఒక కోణాన్ని మిషను ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి చదవకపోతే రికార్డు మొహాన కొడతాడు."

"మరి నీ కంటికి రెండోసారి చదవమని నువ్వెందుకు అడగలేదే?"

"నా కంటికి మార్కులుండవుగా!"

ఇంటి మొత్తంలో బుర్ర ఉన్నది దానికే. అది పదిహేడేళ్ళ పిల్ల కాబట్టి దాని మాట ఎవరూ వినరు. నేను డెబ్బై నాలుగేళ్ళ దాన్ని కాబట్టి నా మాటా వినరు. మధ్య వయసులో ఉన్న వాళ్ళే లోకాన్ని నడుపుతారు. దాని ఫలితాలు చూస్తూనే ఉన్నాం.

జనవరిలో ఆరు నెలలు పూర్తయ్యాయి. మా అల్లుడు పిల్లను నరసరావుపేట ఆసుపత్రికి కాకుండా గుంటూరు తీసుకెళ్ళాడు. అల్లుడి అక్క అక్కడ ఉంటుంది. గుంటూరు ఆసుపత్రిలో మిషను కొత్తదట, విదేశాల నుంచి ఓడలో వచ్చిందట. ఓడ ఎక్కిన వస్తువు అబద్ధం చెప్పదని ఆవిడ నమ్మకం. అప్పటికే ఆవిడ పిల్ల చేత రెండు నెలలుగా పొన్నగంటి కూర తినిపిస్తోంది. పోయిన కంటిని తెచ్చే కూర కాబట్టే దానికి ఆ పేరు వచ్చిందని వ్యాఖ్యానం కూడాను.

గుంటూరు మిషను యాభై పాయింట్ తొమ్మిది చెప్పింది. మందం నాలుగు వందల యాభై ఒకటి.

ఆ సాయంత్రం మా అల్లుడు కాగితాలు నా బల్ల మీద పెట్టి కుర్చీలో వెనక్కి వాలాడు. పక్కనే వాళ్ళ అక్క, చేతిలో ఇంకో రెండు కట్టల పొన్నగంటి కూర.

"ఒకటిన్నర తగ్గిందత్తయ్యా! పొర కూడా పదమూడు మందమెక్కింది. మీరేమో ఊరికే భయపెడతారు."

"ఆకుకూరను తీసిపారెయ్యబాకండి అత్తయ్యగారూ" అంది వాళ్ళ అక్క. "మిషనే ఒప్పుకుంది."

"పొన్నగంటి కూర మంచిదేనమ్మా, పప్పులో వేస్తే. కార్నియాలో వేస్తే మందమెక్కదు. పలచబడ్డ పొర తనంతట తాను మందమెక్కడం ఎక్కడా లేదు. ఇదిగో, ఈ కాగితం మూలన మిషను పేరు చూడు. అదిగో, జూలై కాగితం మీద పేరు చూడు. రెండూ వేరు. అది కొలిచే పద్ధతి వేరు, ఇది కొలిచే పద్ధతి వేరు. ఒక కొట్లో రాళ్ళతో జూలైలో తూగి, ఇంకో కొట్లో రాళ్ళతో జనవరిలో తూగి, చిక్కిపోయానని రవిక కుట్టించుకుంటారా ఎవరైనా?"

"రాళ్ళెవరు వాడుతున్నారిప్పుడు? అన్నీ డిజిటలే" అన్నాడు అల్లుడు.

డిజిటల్ అన్న మాటకు ఈ ప్రాంతంలో 'దేవుడు' అని అర్థం. సున్నా తర్వాత చుక్క, చుక్క తర్వాత ఇంకో అంకె ఉంటే చాలు, చెప్పులు విడిచి దండం పెడతారు. యాభై పాయింట్ తొమ్మిది అన్నప్పుడు, ఆ తొమ్మిది సంగతి దేవుడెరుగు, ముందున్న సున్నాను కూడా నమ్మే వీలు లేదని వాళ్ళకు ఎవరు చెబుతారు? నేను చెప్పాను. నా బిడ్డే, ఆ పిల్ల తల్లే, "పోనీలే అమ్మా, తగ్గిందంటున్నారుగా, అపశకునం పలకబాక" అంది. పప్పులో ఉప్పు తక్కువైతే మొగుడి ముఖం చూసి చెప్పే మనిషి నా కడుపున ఎలా పుట్టిందో ఇప్పటికీ లెక్క తేలలేదు.

మళ్ళీ జూలైలో కొలిచిన మిషను దగ్గరికే తీసుకెళ్ళమన్నాను. ఒకసారి చెప్పాను, రెండుసార్లు చెప్పాను. తగ్గిన దానికి మళ్ళీ ఎందుకు అన్నారు. గుంటూరులో కుడి కంటికి గట్టి లెన్సు ఒకటి ఇచ్చారు. అది పెట్టుకుంటే పిల్లకు బాగానే కనబడేది. బాగా కనబడుతోంది కాబట్టి బాగైపోయిందని అందరూ తీర్మానించారు. కాలు విరిగినవాడు చంకకర్రతో నడిస్తే ఎముక అతికిందని ఎవరూ అనరు. కంటి దగ్గర అంటారు.

జూన్‌లో ఒక రోజు పిల్లకు కన్ను ఎర్రబడితే, మా అల్లుడు కాలేజీ నుంచి దాన్ని ఎక్కించుకుని దగ్గరలో ఉంది కదా అని నరసరావుపేట ఆసుపత్రికే తీసుకెళ్ళాడు. లెన్సు బండిలో తీసి డబ్బీలో వేసుకుందట. గట్టి లెన్సు నల్లగుడ్డును నొక్కి ఉంచుతుంది. అది తీసి కనీసం రెండు వారాలు ఆగకపోతే, మిషను కొలిచేది కన్నును కాదు, లెన్సు అచ్చును. ఆ సంగతి ఆసుపత్రిలో ఎవరూ ముందు అడగలేదు. కొలిచేశారు. యాభై నాలుగు పాయింట్ ఒకటి. మందం నాలుగు వందల ఇరవై ఒకటి.

పిల్లకు మందు చుక్కలు వేసి బయట బెంచీ మీద కళ్ళు మూసుకోమన్నారు. లోపల డాక్టరు, మా అల్లుడు. అక్కడ జరిగింది నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది. ఎలా తెలిసిందో చెబుతాను.

అక్టోబరులో రాజుపాలెంలో దగ్గర చుట్టాల గృహప్రవేశం. పంక్తిలో నా పక్కన కూర్చున్న అల్లుడి అక్క, ఆకు మీద నీళ్ళు చల్లుకుంటూ, గెలిచిన గొంతుతో అంది:

"చూశారా అత్తయ్యగారూ, పిల్లకు ప్రోగ్రెస్ ఉందంటగా! జూన్‌లోనే చెప్పారంట. మీకు చెప్పలేదా?"

"ఏం ఉందన్నారూ?"

"ప్రోగ్రెసండీ, ప్రోగ్రెస్. తమ్ముడు గ్రూపులో పెట్టాడుగా. మీకు ఆ ఫోను లేదు కాబట్టి తెల్లేదు."

నా దగ్గర ఉన్నది బొత్తాల ఫోను. మాట్లాడటానికి కొన్నాను, మాట్లాడుతుంది. ఆవిడ తన ఫోను తీసి చూపించింది. కుటుంబం గ్రూపు. పైన మా అల్లుడి వాక్యం: డాక్టరుగారు ప్రోగ్రెస్ ఉందన్నారు, అందరి ఆశీస్సులకు ధన్యవాదాలు. దాని కింద ఆసుపత్రి కాగితం ఫొటో. దాని కింద బొటనవేళ్ళు. చేతులు జోడించిన బొమ్మలు. ఒక ఇంజనీరు 'సూపర్ మావయ్యా' అన్నాడు. మందుల షాపు నడిపే ఇంకొకడు పూలగుత్తి పంపాడు. ఆ ఫొటో మీద వేలు పెట్టి కాగితాన్ని పెద్దది చేసి చదివిన వాడు ఆ గుంపులో ఒక్కడు లేడు. పిల్లేమో, పొద్దున్నే వచ్చే శుభోదయాల పీడ పడలేక ఆ గ్రూపు మోత ఎప్పుడో కట్టేసింది. నాన్న బాగుందన్నాడు, నమ్మింది.

నేను పెద్దది చేయించి చదివాను. ఇంగ్లీషులో మూడు పంక్తులు. ప్రోగ్రెషన్ కనబడుతోంది. లెన్సు తీసి రెండు వారాలకు మళ్ళీ స్కాన్ తీయాలి. నిర్ధారణ అయితే వెంటనే లైటు పెట్టాలి.

అల్లుడు ఎదుటి పంక్తిలో ఉన్నాడు. పులిహోర కలుపుకుంటున్నాడు. నేను ఆకు మీద నుంచి లేచాను. మా వైపు విస్తరి ముందు నుంచి లేస్తే ఏదో చావు కబురు అనుకుంటారు. అందరూ తలెత్తి చూశారు. చూడనీ అనుకున్నాను.

"ఏమయ్యా, ప్రోగ్రెస్ అంటే ఏంది?"

"ఏందత్తయ్యా ఇప్పుడు, తిననీయండి. ప్రోగ్రెస్ అంటే ప్రోగ్రెస్సే. ముందుకు పోవడం. ముప్పై ఏళ్ళు ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకాలు పెట్టింది మీరేగా!"

"ముందుకు పోతోంది ఎవరు?"

"పిల్ల!"

"కాదు. రోగం. చదువుతోంది పిల్ల కాదయ్యా, రోగం. పై క్లాసుకు పోయింది. దానికి నువ్వు గ్రూపులో స్వీట్లు పంచావు."

ఆయన చేతిలోని ముద్దను ఆకులో పడేశాడు.

"అంకె యాభై నాలుక్కి పెరిగిందని చెప్పాడా లేదా?"

"చెప్పాడు. పెరిగిందన్నాడు, ప్రోగ్రెస్ ఉందన్నాడు. రెండూ కలిపి మంచిదే అనుకున్నా. మళ్ళీ స్కాను, లైటు అంటే, బాగుపడే కంటికి లైటెందుకు, బిల్లు కోసం అంటున్నాడులే అనుకున్నా..." అని ఒక్కసారిగా గొంతు పెంచాడు. "మరి ఆయన తెలుగులో ఏడవొచ్చుగా అత్తయ్యా! ఆయనదేమన్నా లండనా? నకరికల్లేగా!"

అక్కడ మాత్రం ఆయన మాట కొట్టివేయలేకపోయాను. 'ముదిరింది' అని మనకొక మాట ఉంది. బెండకాయకు వాడతాం, వ్యాధికి వాడతాం, గొడవకు వాడతాం. మా అల్లుడికి అది ఎనిమిదో ఏట నుంచి తెలుసు. ఆ రోజు ఆ డాక్టరు "ముదిరిందయ్యా" అని ఉంటే మా అల్లుడు సాయంత్రం లోపల డబ్బు కట్టి, ఆ రాత్రి నిద్ర పోకుండా కూర్చునేవాడు. ఒక్క తెలుగు మాట నోట్లోంచి రావడానికి ఆ డాక్టరుకు నామోషీ. ఒక ఇంగ్లీషు మాట అర్థం అడగడానికి మా అల్లుడికి నామోషీ. ఇద్దరి నామోషీల మధ్య పిల్ల బయట బెంచీ మీద కళ్ళు మూసుకుని కూర్చుంది.

తగ్గిందన్న గుంటూరు అంకె ముందు లేకపోతే ఆయన ఆ మాటను అలా విని ఉండేవాడు కాదు. అది కూడా చెప్పాలి. మనిషి తనకు ముందే ఇష్టమైన అర్థాన్నే వింటాడు. ఆ ఇష్టాన్ని ఆయనకు తయారుచేసి ఇచ్చింది రెండు మిషన్ల తేడా. ఒక మిషను తప్పు కాదు, రెండో మిషనూ తప్పు కాదు. వాటిని ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీసివేత చేసిన బుర్రలది తప్పు. మూడో తరగతి తీసివేతలోనే చెబుతాం, పైనా కిందా ఒకే ప్రమాణం ఉండాలని. గజాల్లోంచి మీటర్లు తీసేస్తే వచ్చేది జవాబు కాదు.

ఆ రోజే లెన్సు తీయించాను. రెండు వారాలు. లెన్సు లేకపోతే పిల్లకు కుడి కంటితో సర్వే పరికరంలో గీత కనబడదు, ఎడమ కంటితో చదవడం దానికి అలవాటు లేదు. సరిగ్గా ఆ రెండు వారాల్లోనే ప్రాక్టికల్ పరీక్ష పడింది.

"లెన్సు ఒక్క గంట పెట్టుకుంటానమ్మమ్మా. పరీక్ష అయిపోగానే తీసేస్తా" అంది.

"పెట్టుకుంటే రెండు వారాలూ మళ్ళీ మొదటి నుంచి లెక్క."

"ఒక్క గంటే!"

"గంటైనా నల్లగుడ్డు మీద అచ్చు పడుతుంది. ఇప్పటికే నీ కంటికి నాలుగు రకాల అబద్ధాలు చెప్పించారు. ఐదోది నువ్వు చెప్పించబాక."

అది ఏడవలేదు. నా స్కేలు తీసుకుని కిటికీలోంచి ఎదురింటి పిట్టగోడ మీదికి విసిరికొట్టింది. తర్వాత తనే వెళ్ళి తెచ్చుకుంది. పరీక్షకు వెళ్ళలేదు.

అక్టోబరు చివరి శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నరకు, అదే నరసరావుపేట ఆసుపత్రి, అదే మిషను. ఈసారి బండిలో నాకు చోటు దొరికింది. పాత డాక్టరు వెళ్ళిపోయాడు. కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చింది. ఆవిడ మిషను దగ్గర తనే కూర్చుంది. పిల్లను రెప్పలు ఆడించి, ఒక నిమిషం కళ్ళు మూసుకోమని, కొలిచింది. లేచి మళ్ళీ కూర్చోమని కొలిచింది. మూడోసారి కూడా.

యాభై ఆరు పాయింట్ మూడు. యాభై ఏడు పాయింట్ నాలుగు. యాభై ఐదు పాయింట్ ఆరు.

"చూశారా, ఒకే కన్ను, ఐదు నిమిషాల్లో దాదాపు రెండు తేడా" అంది ఆవిడ మా అల్లుడితో. "అందుకని ఒక్క అంకెను నమ్మి ఏదీ చెప్పలేం. కానీ మూడింట్లో ఏది తీసుకున్నా జూలై అంకె కన్నా మూడు పైనే ఉంది. ముదిరింది. అనుమానం లేదు."

ముదిరింది అంది. పదిహేను నెలల తర్వాత ఆ మాట ఆ భవనంలో వినబడింది.

బయటికి వచ్చాక, మాతో వచ్చిన మా అమ్మాయి "ఎంత బాగా చూసిందమ్మా ఈవిడ! దేవతలాగా ఉంది" అంది. నేను ఒప్పుకోలేదు. మూడుసార్లు కొలవడం మెచ్చుకోవలసిన పనా? ఎనిమిదో తరగతి పిల్లలు చేసే పని. చేయవలసిన పని చేసిన మనిషిని దేవతను చేస్తున్నామంటే, చేయని వాళ్ళకు మనం ఎంత అలవాటు పడ్డామో తెలుస్తోంది.

పొర మందం మూడుసార్లూ నాలుగు వందలకు లోపలే. మూడు వందల తొంభై ఒకటి, తొంభై ఎనిమిది, ఎనభై ఆరు. మామూలు లైటు పెట్టే హద్దు దాటిపోయింది. పొరను కాసేపు ఉబ్బించే వేరే చుక్కలు వేసి పెట్టవచ్చని, మామూలు దానికున్నంత భరోసా ఇవ్వలేనని ఆవిడ చెప్పింది. తెలుగులోనే చెప్పింది. మా అల్లుడు ప్రతి మాటకూ "అంటే ఏందండీ?" అని అడిగాడు. పన్నెండు సార్లు అడిగి ఉంటాడు. ఎవరికీ విసుగు రాలేదు. జూన్‌లో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

నవంబరులో పెట్టారు. అరగంట ఊదా లైటు. మూడు రోజులు పిల్ల కళ్ళ మీద గుడ్డ కప్పుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. వాళ్ళ నాన్న గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాళ్ళ అక్క గుంటూరు నుంచి ఆకుకూర తెచ్చింది. నేను పప్పులో వేయించాను.

ఆరు నెలల తర్వాత, అదే మిషను, మూడుసార్లు. ఆగినట్టే ఉంది అంది డాక్టరు. 'ఆగింది' అనలేదు, 'ఆగినట్టే' అంది. ఇంకో ఏడాది పోతే గానీ తేలదు. నాకు ఆ మాట నచ్చింది. నచ్చడం అంటే అంతకు మించి చెప్పి ఉంటే లేచి వచ్చేసేదాన్ని అని.

మా చుట్టాలు ఇప్పుడు అంటున్నారు, కన్ను పూర్తిగా పోలేదు కదా, ఏమంత పోయిందని. వాళ్ళకు లెక్క కావాలి. ఇదిగో.

కుడి కన్ను, కళ్ళజోడుతో: మొదట ఆసుపత్రి బోర్డు మీద పైనుంచి ఆరో వరస చదివేది. ఇప్పుడు మూడో వరస. పోయినవి మూడు వరసలు. ఇది మిషనుతో పని లేని అంకె, కాబట్టి కచ్చితం.

మొన: నాలుగు డయాప్టర్లు తేలింది. ఒకటి అటో ఇటో.

పొర: నలభై ఆరు మైక్రాన్లు పోయింది. పది అటో ఇటో. అంతకన్నా దగ్గరగా చెప్పలేను, మొదటి రోజు ఒక్కసారే కొలిచారు.

కాలం: రెండు మిషన్లను ఒకటిగా చూసినందుకు ఐదు నెలలు. ఒక ఇంగ్లీషు మాటకు నాలుగు నెలలు. మొత్తం తొమ్మిది.

సర్వే ప్రాక్టికల్ పరీక్ష: ఒకటి.